ఎడమ పెడల్: నూటికి నూరు

మార్చి 2, సోమవారం

బామ్మర్ది ఇవాళ మా ముందుగదిలోకి విమానం తెచ్చాడు. మూడు అట్టపెట్టెల్లో తెచ్చాడు. ఒకదాంట్లో రెండు కొమ్ముల స్టీరింగు, ఒకదాంట్లో లివర్ల డబ్బా, మూడోదాంట్లో కాళ్ళ కింద పెట్టుకునే జత పెడల్స్. వాడి కంప్యూటర్ రిపేరు షాపులో ఎవరో బాగుచెయ్యమని ఇచ్చి మళ్ళీ రాలేదట. ఏడాది చూసి, ఇక రారని తేల్చుకుని నా నెత్తిన పడేశాడు.

"బావా, పొద్దస్తమానం ఆ గోడకేసి చూస్తూ కూర్చునే బదులు ఇది ఎగరెయ్యి."

"నేను బస్సు డ్రైవర్ని రా."

"అందుకే తెచ్చా. పైన ట్రాఫిక్ ఉండదు, నువ్వు తిట్టడానికి ఎవడూ దొరకడు, నోటికి కూడా రెస్టు."

పోతూ పోతూ గుమ్మం దగ్గర ఆగి, ఎడమ పెడల్‌కి స్ప్రింగు మార్చానన్నాడు. పాతది బొమ్మ స్ప్రింగట. ఇది మా బస్సు క్లచ్ అంత కాకపోయినా దానికి తమ్ముడి వరస అట. ఈ మాట నాతో అంటూ వాళ్ళక్క వైపు చూశాడు. వాళ్ళక్క కుట్టుమిషన్ మీంచి తల ఎత్తలేదు. ఇద్దరూ కలిసి వేసిన ఎత్తని నాకు తెలియదనుకుంటున్నారు. ఫిజియో అమ్మాయి ఇచ్చిన రబ్బరు పట్టీని పాదానికి తగిలించి రోజుకు వందసార్లు లాగమంటే, నేనేమన్నా పంకా లాగేవాణ్ణా?

డిపో ఉత్తరం మళ్ళీ చదివాను. ఏప్రిల్ పదహారున బస్సు నడిపి చూపించాలి. పాసైతే నా స్టీరింగు నాకు. లేకపోతే పోయిన వస్తువుల గదిలో కుర్చీ, రిటైరయ్యేదాకా. ఇరవై ఆరేళ్ళు ఒక్క మనిషికి గీత పడకుండా బస్సు తోలినవాణ్ణి, సొంత ఇంటి మెట్ల మీద బకెట్‌తో జారి చీలమండ రెండు చోట్ల విరగ్గొట్టుకున్నాను. అదీ క్లచ్ తొక్కే కాలు. మూడు నెలలయింది. ఇప్పుడు జనం బస్సుల్లో మర్చిపోయిన గొడుగులు లెక్కపెట్టమంటారా? ఇంకా నలభై ఐదు రోజులుంది.

కాలు బాగానే ఉంది. ముందే రాసిపెడుతున్నాను.

మార్చి 3, మంగళవారం

ఇంజను లివరు ముందుకు తోస్తే మూలుగుతుంది, వెనక్కి లాగితే గర్జిస్తుంది. ఇదేం విమానమో! బామ్మర్దికి ఫోన్ చేశాను.

"లివరు తిరగేసి ఉంది బావా. సెట్టింగుల్లో 'రివర్స్' అని ఒక గడి ఉంటుంది, టిక్ పెట్టు."

"అలాంటి గడి మనుషులకి కూడా ఉంటే బాగుండేది" అని వంటింట్లోంచి ఆవిడ.

గడి దొరకడానికి అరగంట పట్టింది. టిక్ పెట్టాను. లివరు దారికొచ్చింది. ఆవిడ మాటకి జవాబు మాత్రం ఇంకా దొరకలేదు.

మార్చి 4, బుధవారం

స్పీడు పెంచితే రెక్కల వెనక పలకలు కిందికి వాలుతున్నాయి. వాటిని ఫ్లాపులంటారు, దిగేటప్పుడు వాడాలి. నేనింకా లేవనే లేదు.

పొద్దున్నించి సాయంత్రం దాకా తల బద్దలు కొట్టుకుంటే అర్థమయింది. ఆటలో ఒక సెట్టింగుల పేజీ ఉంది. బామ్మర్ది విడిగా ఎక్కించిన సాఫ్ట్‌వేర్‌లో ఇంకోటి ఉంది. రెండూ ఆ ఒక్క లివర్నే పట్టుకుని కూర్చున్నాయి. ఒకటి ఇంజన్‌దంటుంది, ఒకటి ఫ్లాపులదంటుంది. ఒక బస్సుకి ఇద్దరు డ్రైవర్లుంటే ఎక్కినవాళ్ళ గతేంటి? కాగితం తీసుకుని ఏ లివరు దేనికో, ఏ మీట దేనికో వరసగా రాసుకున్నాను. ఆటలో ఉన్నవన్నీ చెరిపేసి మొత్తం పెత్తనం రెండోదానికే ఇచ్చాను. ఇప్పుడు ఒకటే డ్రైవరు.

ఇది బామ్మర్దికి కూడా తెలియదట. "బావా, నువ్వు నా షాపులో కూర్చో" అన్నాడు. కూర్చోను. నాకు సీటుంది.

మార్చి 6, శుక్రవారం

లేచాను! ఇళ్ళన్నీ అగ్గిపెట్టెలైపోయాయి. గాల్లో ఉన్నంతసేపూ బ్రహ్మాండం. దిగడం దగ్గరే వచ్చింది చిక్కు. గాలి కుడివైపు నుంచి వీస్తోంది. విమానం ముక్కు గాలివైపే తిరుగుతుంది, దాన్ని దారిలో పెట్టాలంటే ఎడమ పెడల్ తొక్కి పట్టాలి. తొక్కాను. ముక్కు రాలేదు. కుడివైపు గడ్డిలోకి పోయి, కంచె గుద్ది, ఆగాను.

ఆరుసార్లు దిగాను. ఆరుసార్లూ గడ్డే. గేదె కూడా రోజుకి అంత గడ్డిలోకి పోదు.

ఆ పెడల్‌లో ఏదో లోపముంది. ఆవిడతో అదే అన్నాను.

"ఆడలేక మద్దెల ఓడు" అంది దారం కొరుకుతూ.

మార్చి 8, ఆదివారం

లోపం దొరికింది! నేను చెప్పానా లేదా?

ఆ సాఫ్ట్‌వేర్‌లో కేలిబ్రేషన్ అని ఒకటుంది. పెడల్‌కి మొదలెక్కడో చివరెక్కడో యంత్రానికి మనం చూపించాలి. బామ్మర్ది అది చెయ్యడం మర్చిపోయాడు, వాడి తొందర తగలెయ్య. తెర మీద ఎడమ పెడల్ బొమ్మ వచ్చింది. కింద 'చివరిదాకా తొక్కండి' అని రాసుంది. తొక్కాను. పళ్ళు బిగించి తొక్కాను, నొసటి మీద చెమట పట్టింది. ఇంక పోదు అన్నప్పుడు మీట నొక్కాను. అయిపోయిందంది. తర్వాత కుడిది. అది ఒక్క తొక్కుడు.

ఇప్పుడు ఎడమ పెడల్ తొక్కితే అంకె గిర్రున నూరుకి పోతోంది. పచ్చగా వెలుగుతోంది. సాయంత్రం దిగాను, రన్‌వే మధ్య గీత మీద, కుడి గాలిలో. ముక్కు చెప్పుచేతల్లో ఉంది.

పెడల్‌దే లోపం.

మార్చి 9, సోమవారం

నాలుగుసార్లు దిగాను. గడ్డి చూడలేదు.

మార్చి 12, గురువారం

ఇవాళ పెద్ద గాలి పెట్టుకుని దిగాను. ఆవిడ కూడా మిషన్ ఆపి వచ్చి నిలబడింది. చక్రాలు నేలకి తగలగానే "దిగేవాళ్ళు దిగండి, తోసుకోకండి" అని అరిచింది. పక్కింటివాళ్ళు కిటికీ తెరిచి చూశారు. ఇద్దరం నవ్వలేక చచ్చాం. ఈ ఇంట్లో ఇలా నవ్వి ఎన్నాళ్ళయిందో. డిసెంబర్ నుంచి నవ్వలేదనుకుంటాను.

మార్చి 14, శనివారం

ఎడమ కాలు నూరు. రోజూ నూరే. యంత్రానికి మొహమాటం ఉండదు, ఉన్నదున్నట్టు చెబుతుంది. గొడుగుల గది తీసుకెళ్ళి ఎవరికైనా ఇచ్చుకోండి.

మార్చి 16, సోమవారం

ఫిజియో అమ్మాయి దగ్గరికి వెళ్ళాను. నూరు సంగతి చెప్పాను. సంతోషించింది. "అయితే ఇది తొక్కండి అంకుల్" అని బరువు చూసే మిషన్ గోడకి ఆనించింది. కుడికాలు నలభై ఒక్క కిలోలు. ఎడమకాలు ఇరవై రెండు.

ఆ మిషన్ పాతది. అద్దం కూడా పగిలింది.

అంకుల్ ఏంటి, నాకేమంత వయసైందని.

మార్చి 19, గురువారం

ఆవిడ కూడా ఎగరేస్తానంది. కూర్చోబెట్టాను. పక్కన నిలబడి అన్నీ చెప్పాను. గాలి కుడినుంచి వస్తోంది, ఎడమ పెడల్ నెమ్మదిగా తొక్కమన్నాను. ఇరవై ఏళ్ళుగా కుట్టుమిషన్ తొక్కే కాలు అది. నెమ్మది ఎక్కడినుంచి వస్తుంది? తొక్కింది.

ఠక్.

పెడల్ అడుగున ఇనుప అడ్డు ఉంది. దానికి తగిలిన చప్పుడు. పదిహేడు రోజులనుంచి ఈ పెడల్ తొక్కుతున్నాను, ఈ చప్పుడు ఎప్పుడూ వినలేదు.

విమానం బొంగరంలా తిరిగింది. ఆవిడ పకపకా నవ్వుతోంది. నేను తెర మీద అంకె చూస్తున్నాను. ఆవిడ పాదం సగం దూరం పోయేసరికే అంకె నూరయింది. మిగిలిన సగం పెడల్ ఊరికే పోతోంది. ఇంకోసారి తొక్కమన్నాను. ఠక్.

"ఏంటండీ, ఏమైంది?"

"ఏం లేదు. నువ్వు మోటుగా తొక్కుతున్నావు."

మార్చి 20, శుక్రవారం

పెడల్ వదులైంది. ఆవిడ తొక్కుడికి.

మార్చి 21, శనివారం

ఎగరలేదు. తలనొప్పి.

మార్చి 22, ఆదివారం

ఎగరలేదు.

మార్చి 23, సోమవారం

రెండుసార్లు దిగాను, బాగానే దిగాను. అంకె నూరే చూపించింది. ఠక్ మనలేదు. మనాలని ఎక్కడా రాసి లేదు.

"ఏంటి, రెండ్రోజులుగా ముడుచుక్కూర్చున్నారు?" అని ఆవిడ. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళని ఊరికే అనలేదు మన పెద్దలు. నా కుందేలుకి ఎన్ని కాళ్ళో నాకు తెలుసు. రెండే. ఒకటి నలభై ఒకటి, ఒకటి ఇరవై రెండు.

మార్చి 26, గురువారం

ఇంట్లో ఉండలేక మా రూటు బస్సెక్కాను. డ్రైవరు సీటు వెనకే కూర్చున్నాను. నా బదులు వేసిన కుర్రాడు నన్ను గుర్తుపట్టలేదు. పట్టకపోవడమే మేలు.

వాడి ఎడమకాలే చూస్తూ కూర్చున్నాను. బజారు దాటేలోపే నలభై మూడుసార్లు క్లచ్ తొక్కాడు. నేను ఇన్నేళ్ళలో ఒక్కసారి లెక్కపెట్టలేదు. తర్వాత ఆసుపత్రి ఎత్తు వచ్చింది. అక్కడ స్టాపు సరిగ్గా ఎత్తు నడిమధ్యలో ఉంటుంది, ఏ మహానుభావుడు పెట్టాడో. ఎక్కేవాళ్ళు ఎక్కుతుంటే కుర్రాడు క్లచ్ అడుగుదాకా తొక్కి పట్టి, తర్వాత వెంట్రుకవాసి చొప్పున వదులుతూ బస్సు తీశాడు. బస్సు ముందునుంచి ఒక గర్భిణి, ఆమె తల్లి కాబోలు, చెయ్యి పట్టుకుని దాటుతున్నారు. వాళ్ళకీ బస్సుకీ మధ్య మూడు అడుగులుంది.

అక్కడ కాలు జారితే బస్సు ఒక్క ఎగురు ఎగురుతుంది. మూడు అడుగులు దానికి చాలు.

తర్వాతి స్టాపులో దిగిపోయి నడిచి వచ్చాను. భయమేసింది. రాయడానికి సిగ్గుగా ఉంది గానీ, నిజంగా భయమేసింది.

మార్చి 28, శనివారం

పొద్దున్న కంప్యూటర్ తెరిస్తే కొత్త అప్‌డేట్ అంది. సరే అన్నాను. నా సెట్టింగులన్నీ గంగలో కలిపేసింది. లివరు మళ్ళీ తిరగబడింది, ఫ్లాపులు మళ్ళీ ఎవరి పెత్తనంలోనో పడ్డాయి. నోటికొచ్చినన్ని తిట్టి, కాగితం ముందు పెట్టుకుని ఒక్కొక్కటే సరిచేశాను. పదకొండు గంటలకి పెడల్స్ వంతు వచ్చింది.

తెర మీద ఎడమ పెడల్ బొమ్మ. 'చివరిదాకా తొక్కండి.'

పాదం పెట్టాను. తీశాను. మళ్ళీ పెట్టాను. ఇంట్లో ఎవరూ చూడటం లేదు. ఆవిడ వెనకగదిలో గుండీలు కుడుతోంది. నా చివరిదాకా నేను తొక్కి మీట నొక్కితే మళ్ళీ నూరే. మళ్ళీ గీత మీద దిగొచ్చు. పదహారో తేదీ దాకా రోజూ నూరు రాసుకోవచ్చు.

ఆవిణ్ణి పిలిచాను.

"ఇదిగో, ఓసారి వచ్చి ఈ పెడల్ తొక్కు."

"మోటుగా తొక్కుతానన్నారుగా?"

"మోటుగానే తొక్కు."

చేతిలో సూది అలాగే ఉంచుకుని, నిలబడే, తొక్కింది. ఠక్. మీట నొక్కాను.  ఆవిడ నా పక్కన నిలబడి, భుజం మీద చెయ్యి వేసి, వెళ్ళిపోయింది. ఆవిడకి మొదటిరోజే అర్థమై ఉంటుంది.

తర్వాత నేను తొక్కాను. యాభై మూడు.

సాయంత్రం తొమ్మిదిసార్లు దిగాను. తొమ్మిదిసార్లూ గడ్డే.

మార్చి 29, ఆదివారం

53. రబ్బరు పట్టీ పరుపు కిందనుంచి బయటికి తీశాను. నేనే అక్కడ దాచాను, ఆవిడకి పోయిందని చెప్పాను. వందసార్లు లాగాను.

మార్చి 30, సోమవారం

53. గడ్డి.

ఏప్రిల్ 1, బుధవారం

55! ఫోన్ చేసి చెబితే, "ఇవాళ తారీఖు చూసుకున్నావా బావా?" అన్నాడు బామ్మర్ది. వాణ్ణి నమ్మించడానికి ఫొటో పంపాల్సి వచ్చింది.

ఏప్రిల్ 2, గురువారం

54. పెడల్‌దేం తప్పు లేదు.

ఏప్రిల్ 5, ఆదివారం

61. ఇంట్లో ఇంకో పైలెట్ తయారైంది. మధ్యాహ్నం బట్టలు ఇవ్వడానికి వచ్చినవాళ్ళని గుమ్మంలో నిలబెట్టి, "రెండు నిమిషాలు కూర్చోండమ్మా, దిగిపోతున్నా" అంటోంది. వాళ్ళు మా ఇంటి కప్పుకేసి చూస్తున్నారు. గీత మీద దిగుతుంది, కుదుపు కూడా ఉండదు. నేను దిగితే "గుంటలో పడ్డామా?" అని అడుగుతుంది. సీటు కోసం రోజూ పేచీయే.

ఏప్రిల్ 8, బుధవారం

66. ఫిజియో అమ్మాయి గోడకి ఆనించిన మిషన్ మీద ఇరవై తొమ్మిది కిలోలు. అదే పాత మిషన్. బాగానే పనిచేస్తోంది.

ఏప్రిల్ 11, శనివారం

మీసాలాయన ఫోన్ చేశాడు. మా డిపోలో డ్రైవర్లకి పరీక్ష పెట్టేది ఆయనే. నాకంటే రెండేళ్ళు ముందు చేరాడు. మా ఇంట్లో ఎన్నిసార్లు భోంచేశాడో లెక్కలేదు.

"తమ్ముడూ, కాలెలా ఉంది? నిజం చెప్పు."

"ఫర్వాలేదన్నా."

"ఫర్వాలేదంటే బాగాలేదనే. విను. కొత్త బస్సులొచ్చాయి. క్లచ్ వెన్నముద్ద. పరీక్షకి అది పెడతా. యార్డులో రెండు చుట్లు తిప్పు, నేను సంతకం పెట్టేస్తా. అంతే, మూడో కంటికి తెలియదు."

ఏమనాలి? ఇరవై ఆరేళ్ళు. గొడుగులు. సరేనన్నాను. ఫోన్ పెట్టేశాక అసలు భోజనమే చెయ్యలేదు. ఆకలి లేదు.

71.

ఏప్రిల్ 13, సోమవారం

74. ఆవిడకి కొత్త బస్సు సంగతి చెప్పలేదు.

ఏప్రిల్ 15, బుధవారం

78. పది దిగితే ఆరు గీత మీద.

ఏప్రిల్ 16, గురువారం

వివరంగా రాయాలి. తర్వాత మర్చిపోయి ఇంకోలా చెప్పుకుంటానేమోనని.

యార్డుకి వెళ్ళేసరికి కొత్త బస్సు కడిగి పెట్టి ఉంది. సీటు మీద ప్లాస్టిక్ కవరు కూడా తీయలేదు. ఎక్కాను. నాలుగున్నర నెలల తర్వాత స్టీరింగు. చేతులు వాటంతటవే వెళ్ళి పట్టుకున్నాయి. క్లచ్ ఎంత మెత్తగా ఉందంటే, పాదం పెట్టానో లేదో అదే పోయింది. రెండు చుట్లు తిప్పాను. స్తంభాల మధ్యనుంచి వెనక్కి తెచ్చి పెట్టాను. మీసాలాయన మీసం దువ్వుకుని కలం తీశాడు.

అద్దంలో చూస్తే వరసగా పాత బస్సులు కనిపించాయి. మూడోది నాది. డొక్క దగ్గర సొట్ట కూడా అలాగే ఉంది. సోమవారం నాకిచ్చేది దాన్నే, ఈ పెళ్ళికూతుర్ని కాదు. ఈ కాగితం మీద సంతకం పడితే దానితోనే ఆసుపత్రి ఎత్తు ఎక్కాలి.

"అన్నా, ఆగు. రాయకు. ఆ పాతదాని తాళం ఇవ్వు."

"పిచ్చెక్కిందా?"

"ఎత్తు దగ్గరికి పోదాం."

"నేను చచ్చీ చెడీ నీకోసం..."

"తెలుసన్నా. తాళం ఇవ్వు."

దారంతా గొణుగుతూనే ఉన్నాడు. ఎత్తు మీద ఆపి తీయడం ఐదుసార్లు చెయ్యాలని నేనే పెట్టుకున్నాను. మొదటిసారి బాగా పోయింది. రెండోసారి కూడా. నా కాలు నాకు ముద్దొచ్చింది. మూడోసారి క్లచ్ తొక్కి పట్టి ఉండగా మోకాలి కిందనుంచి వణుకు మొదలైంది. ఆపుదామనుకుంటే ఆగదు. వదిలేటప్పుడు పాదం జారింది. బస్సు ఒక్క ఎగురు ఎగిరి ఆగిపోయింది. ముందు ఎవరూ లేరు. ఖాళీ రోడ్డు. బ్రేకు మీద నిలబడి ఊపిరి పీల్చుకున్నాను.

మీసాలాయన కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. 

"నేనేం చూడలేదు తమ్ముడూ" అన్నాడు.

"నేను చూశానన్నా."

"నెల రోజుల్లో ఆ కాలు అదే సర్దుకుంటుంది. అందాకా జాగ్రత్తగా నడుపుకో."

"ఆ నెలలో ఎవరో ఒకరు అడ్డం నడుస్తారు. ఫెయిల్ అని రాయి."

"ఈ కాగితంలో ఇంకా కాదు, తర్వాత చూద్దాం అని లేదు. పాసు, ఫెయిలు, రెండే గళ్ళు. ఫెయిలంటే గొడుగులేరా, తెలుసా నీకు?"

తెలుసన్నాను. బస్సు ఆయనే యార్డుకి తోలాడు. ఫెయిల్ గడిలో గీత పెట్టాడు. కాగితం తిరగేసి వెనకాల ఏదో చాలాసేపు రాశాడు, చూపించమంటే చూపించలేదు. కళ్ళు తుడుచుకున్నాడు, పొగాకు ఘాటన్నాడు. ఆయన పొగాకు మానేసి పదేళ్ళయింది.

ఇంటికొచ్చేసరికి ఆవిడ మిషన్ ముందు కూర్చుని ఉంది. బట్ట లేదు, ఊరికే కూర్చుని ఉంది.

"పాసా?"

"కాదు."

మొత్తం చెప్పాను. కొత్త బస్సు సంగతి, సరేనన్న సంగతి కూడా. వింది.

"మంచి పని చేశారు" అంది. "ఏడుపొస్తోందా?"

"వస్తోంది."

"అయితే ఏడవండి. టీ పెడతాను."

ఏడ్చాను. టీ తాగాను. కాస్త పంచదార ఎక్కువ వేసింది.

ఏప్రిల్ 20, సోమవారం

పోయిన వస్తువుల గది. గొడుగులు డెబ్బై ఒకటి. ఒంటి చెప్పులు పంతొమ్మిది, అన్నీ కుడికాలివే, ఈ ఊళ్ళో ఎడమ చెప్పు మాత్రం ఎవరూ పారేసుకోరనుకుంటా. పళ్ళసెట్లు రెండు. పళ్ళు బస్సులో వదిలేసి ఇంటికెళ్ళి భోజనానికి ఎలా కూర్చున్నారో నాకు అర్థం కాలేదు. బల్ల కాలికి రబ్బరు పట్టీ కట్టాను. మనుషులు రాని వేళల్లో లాగుతున్నాను. మనుషులు ఎప్పుడూ రారు.

80.

ఏప్రిల్ 24, శుక్రవారం

83. ఒక ముసలాయన గొడుగు కోసం వచ్చాడు. తనది నల్లదన్నాడు. డెబ్బై ఒకటిలో అరవై ఎనిమిది నల్లవి. అన్నీ తెరిచి చూపించాను. చివరికి ఆయనది ఇంట్లోనే ఉందని గుర్తొచ్చింది. ఇద్దరం టీ తాగాం.

ఏప్రిల్ 30, గురువారం

89. నాకు ఏడుపు రావడం లేదు. బస్సు హారన్ వినిపించినప్పుడు మాత్రం తల ఎత్తుతున్నాను.

మే 3, ఆదివారం

91. బామ్మర్ది వచ్చాడు. ఆ స్ప్రింగు కాస్త వదులు చేస్తానన్నాడు. చెయ్యి పెడితే విరుస్తానన్నాను.

మే 6, బుధవారం

ఠక్.

మే 7, గురువారం

నిన్న నిజమా కాదా అని ఇవాళ పన్నెండుసార్లు తొక్కాను. పన్నెండుసార్లూ ఠక్. ఆవిడ మిషన్ ఆపి, "పెడల్ విరుగుతుందండీ, నెమ్మదిగా!" అని అరిచింది. "మోటుగా తొక్కుతున్నారు!"

మే 11, సోమవారం

మేనేజరు పిలిచాడు. గొడుగుల లెక్కలో తేడా వచ్చిందేమో అనుకుంటూ వెళ్ళాను. బల్ల మీద నా ఫెయిలు కాగితం వెనక్కి తిప్పి ఉంది. మీసాలాయన రాత. 'ఇతని కాలు వణికింది. నేను దాటవేద్దామనుకున్నాను. ఇతనే ఫెయిల్ రాయమన్నాడు. కాలు బాగుపడుతుంది. ఇలాంటి డ్రైవరు మళ్ళీ దొరకడు. ఇంకోసారి పరీక్ష పెట్టవలెను. నేను దాటవేయబోయినందుకు నాకు ఏ శిక్ష వేసినా సమ్మతమే.'

"గురువారం" అన్నాడు మేనేజరు. "ఈసారి నేను కూడా ఎక్కుతాను."

 తల ఊపాను.

మే 14, గురువారం

పాత బస్సు. ఎత్తు మీద పదిసార్లు. పదిసార్లూ నిలబడింది. మీసాలాయన పాస్ గడిలో గీత ఎంత గట్టిగా పెట్టాడంటే కాగితం చిరిగింది.

మే 18, సోమవారం

పొద్దున్న ఏడింటి ట్రిప్పు. సీటు ఎవరో పొట్టాయన బాగా ముందుకి లాక్కుని పెట్టాడు. వెనక్కి జరుపుకుని, అద్దాలు సరిచేసుకుని, బయల్దేరాను.

ఆసుపత్రి ఎత్తు స్టాపులో ఆవిడ నిలబడి ఉంది. మా ఇంటికి ఆ స్టాపు దగ్గర కాదు, రెండు కిలోమీటర్లు నడిచి వచ్చి ఉంటుంది. కొత్త చెప్పులు వేసుకుంది. ఎక్కింది, టికెట్ తీసుకుంది, సరిగ్గా నా వెనక సీట్లో కూర్చుంది.

క్లచ్ తొక్కి పట్టుకుని, "ఎక్కడికి?" అని అడిగాను.

"బస్సు నడిచేటప్పుడు డ్రైవరుతో మాట్లాడరాదని రాసుంది, చదువుకోలేదా?" అంది. ఆవిడ గొంతు వణికింది.

నా కాలు వణకలేదు. బస్సు తీశాను.